తోక కట్టిన వేసవి

ఆ వేసవిలో హాడ్లాక్ రేవు మొత్తానికి ఈత వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. సముద్రం మీద బతికే మగవాళ్ళు మా ఊళ్ళో నూట నలభై మంది ఉండేవాళ్ళు. ఒక్కడికీ ఈత రాదు. నేర్చుకోవడం దండగ అనేవాళ్ళు. మా నీళ్ళు జూలైలో కూడా ఎముకలు కొరుకుతాయి. అందులో పడ్డవాడు ఈత వచ్చినా పోతాడు, రాకపోయినా పోతాడు, వస్తే ఇంకాస్త ఆలస్యంగా పోతాడని మా తాతల కాలంనాటి లెక్క. నేను నేర్చుకున్నది సముద్రంలో కాదు, ఊరికి ఎగువన వదిలేసిన రాతిక్వారీ గోతిలో నిలిచిన వాననీళ్ళలో. నేను ఈదుతుంటే అన్నయ్య ఈబెన్ గట్టున కూర్చుని "కప్పా! ఒసే కప్పా!" అంటూ గులకరాళ్ళు విసిరేవాడు.

ఆ ఈబెన్ మార్చిలో పోయాడు. అమ్మకి తమ్ముడైన ఆసా మావయ్యతో కలిసి చిన్న పడవలో వలలు చూడ్డానికి వెళ్ళాడు. సాయంత్రానికి మావయ్య ఒక్కడే, తిరగబడ్డ పడవ అడుగుకి అతుక్కుని, సగం చచ్చి దొరికాడు. ఈబెన్ శవం కూడా దొరకలేదు. కాస్త కోలుకున్నాక మావయ్య మా ఇంటికొచ్చాడు. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఇద్దరు వెళ్ళారు. ఒక్కడివే వచ్చావేం?" అంది.

మావయ్య టోపీ తీసి రెండు చేతులా నలిపాడు. అమ్మ తలుపు వేసేసింది. ఒక కడుపున పుట్టిన వాళ్ళిద్దరికీ ఆనాటితో మాటలు సరి. చర్చిలో ఆయన కుడివైపు బల్ల మీద కూర్చుంటే ఈవిడ ఎడమవైపు కూర్చునేది. పాస్టరుగారు "నీ సహోదరుని క్షమించుము" అని చదివిన ఆదివారం అమ్మ ప్రార్థన మధ్యలో లేచి ఇంటికొచ్చేసింది.

సినిమావాళ్ళు న్యూయార్కు నుంచి జూన్‌లో దిగారు. 1916వ సంవత్సరం. బొమ్మలు కదలడమే గాని మాట్లాడని రోజులు. మేము అప్పటికి ఖాళీగా ఉన్నాం. చేపలు తీరానికి రాక సార్డీన్ చేపల ఫ్యాక్టరీ పనికి పిలిచే కూత మూడు వారాలుగా వినిపించలేదు. ఆ ఫ్యాక్టరీలో కత్తెర పట్టి చేపల తలలూ తోకలూ కత్తిరించి డబ్బాల్లో పేర్చడం మా ఊరి ఆడవాళ్ళ పని. మా వేళ్ళన్నీ గాట్లే, గాట్ల మీద గుడ్డపీలికలే. పని లేక రేవు బల్లల మీద కూర్చుని ఉన్న మా ముందుకి ఒక బక్కపల్చటి మనిషి వచ్చాడు. కాళ్ళకి తోలు పట్టీలు, చేతిలో రేకు బాకా. పేరు క్రేల్. డైరెక్టరు.

"జలకన్యలు కావాలి. ఇరవై మంది. జుట్టు పొడుగ్గా ఉండాలి, నోట్లో పళ్ళుండాలి" అన్నాడు బాకాలోంచి, మేం పది అడుగుల దూరంలోనే ఉన్నా.

"పళ్ళున్న చేపలు కావాలంటే సొరచేపల్ని అడగవయ్యా" అంది ఒక ముసలమ్మ. రేవంతా గొల్లుమంది.

అతను నవ్వలేదు. సంతలో గుర్రాల్ని చూసినట్టు ఒక్కొక్కరి దవడా చూసుకుంటూ వచ్చాడు. నా చేతులు తిప్పి చూసి మొహం చిట్లించాడు. "వీటిని నీళ్ళలో పెట్టుకోండి, కెమెరాకి చూపించకండి" అన్నాడు. మనిషిని చూసిన క్షణంలోనే నాకు నచ్చలేదు. అయినా పేరిచ్చాను.

నాకంటే ముందు పేరిచ్చింది మా లిడియా వదిన. ఈబెన్ భార్య. ఇరవై రెండేళ్ళు. ఒంటి మీద ఇంకా నల్లబట్టలే.

ఆ పూట ఇంట్లో అమ్మ రొట్టె కోస్తున్న కత్తి బల్ల మీద పెట్టి, "మొగుడు పోయి మూడు నెలలు నిండలేదు. తోక కట్టుకుని పదిమంది మగాళ్ళ ముందు రాయి మీద కూర్చుంటావా?" అంది.

"ఇంట్లో కూర్చున్నా రాయి మీద కూర్చున్నట్టే ఉంది అత్తయ్యా" అంది వదిన.

"వాడు బతికుంటే నీ కాళ్ళు విరగ్గొట్టేవాడు."

"బతికుంటే కదా."

అమ్మ వదినకి వడ్డించడం మానేసింది. ఆ రోజునుంచి వదిన గిన్నె వదినే పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి పెట్టుకునేది.

తోక అంటే నడుంనుంచి పాదాలదాకా గట్టి కాన్వాసు సంచి. దాని మీద వెండిరంగు పూసిన పొలుసులు వరుసగా కుట్టేవాళ్ళు. చివర చేపరెక్కలా విచ్చుకునేలా బద్దలు పెట్టారు. వెనకనుంచి తాడు బిగించేశాక మనిషి రెండు కాళ్ళూ ఒకటే. నడవడం, నిలబడడం కుదరదు. ఇద్దరు మగవాళ్ళు బంగాళాదుంపల బస్తాని ఎత్తినట్టు ఎత్తి పడవలో వేసేవాళ్ళు, పడవలోంచి తీసి రాతి మీద వేసేవాళ్ళు. నీళ్ళలోకి దిగేవాళ్ళకి ఒంటినిండా పందికొవ్వు పూసేవాళ్ళు. ఆ కంపు ఆదివారం చర్చికి వెళ్ళినా వదిలేది కాదు.

ఊరు మా మీద పగబట్టింది. పాస్టరుగారు వరుసగా మూడు ఆదివారాలు బైబిల్లోని బబులోను వేశ్య గురించే చెప్పారు. రేవులో మమ్మల్ని పడవలోకి ఎక్కిస్తుంటే మా బడిలో చదివిన కుర్రాళ్ళే వరసగా నిలబడి, "ఏమే, పౌండు ఎంత?" "పచ్చిదా, ఉప్పేసిందా?" అని అరిచేవాళ్ళు. ఒకనాడు మా వీధి ఆడవాళ్ళు బుట్టలతో చేపతలలు తెచ్చి మా మీద కుమ్మరించారు. తోక కట్టి ఉంటే పారిపోవడానికి లేదు. తల దించుకుని కూర్చున్నాం. ఒక తల లిడియా వదిన ఒళ్ళో పడింది. వదిన దాన్ని తీసి, విసిరినామెకేసి తిరిగి, "పిన్నీ, నీ పోలికే" అంది. క్రేల్ ఇదంతా చూసి కెమెరా అతనితో, "అయ్యో, తియ్యలేకపోయామే" అన్నాడు.

జలకన్యల రాణి వేషం వేసే ఆవిడ పేరు మిస్ లొరేన్. పట్నాల్లో గాజుతొట్టెల్లో ఈది పేరు తెచ్చుకున్న మనిషి. మా నీళ్ళలో మూడోసారి దిగినరోజు పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. బయటికి తీస్తే పళ్ళు టకటకలాడుతూ, "నేను రాయి మీదే కూర్చుంటాను. నీళ్ళలోకి ఇంకెవర్నైనా తోసుకో" అని క్రేల్ మొహం మీదే చెప్పేసింది.

"ఇక్కడ ఈత వచ్చినవాళ్ళెవరు?" అని క్రేల్ బాకా ఎత్తాడు.

"మా ఆడపడుచుకి వచ్చు" అంది వదిన.

అలా దూరంనుంచి తీసే బొమ్మలకి నేను రాణినయ్యాను. పచ్చటి సవరం ఒకటి నా నెత్తిన పెట్టి, ఊడిపోకుండా గడ్డం కింద నాడాతో ముడేశారు. రెండు కాళ్ళూ ఒకటిగా కొట్టి ఈదడం రెండు వారాల్లో పట్టుబడింది. నిజం చెప్పాలంటే నీళ్ళలో ఉన్నంతసేపే నాకు సుఖంగా ఉండేది. అక్కడ ఎవరూ ఏమీ విసరరు.

జూలై సగం పొగమంచులో పోయింది. ఎండ లేనిదే కెమెరా పనిచెయ్యదు. చివరికి మిగిలింది పెద్ద ఘట్టం. ఓడ బద్దలై కెప్టెను నీళ్ళలో పడతాడు, సముద్రపు రాణి అతన్ని కౌగిలించుకుని అడుక్కి తీసుకుపోతుంది. కెప్టెను వేషం వేస్తున్న నటుడు ఆ చోటుకొచ్చి, రాళ్ళ మధ్య మరుగుతున్న నీళ్ళకేసి ఒకసారి చూసి, గుర్రబ్బండి ఎక్కి హోటలుకి వెళ్ళిపోయాడు. అతనంత పొడుగూ, అలాంటి గడ్డమూ ఉన్నవాడు కావాలని క్రేల్ రేవులో అడిగాడు. ఎవరూ కదల్లేదు. ఈత రానివాడు ఎవడు దిగుతాడు? వెనకనుంచి ఆసా మావయ్య ముందుకొచ్చాడు.

ఆ వార్త నాకంటే ముందే ఇల్లు చేరింది. నేను వెళ్ళేసరికి అమ్మ బంగాళాదుంపలు చెక్కుతోంది.

"వాడితోనా?"

"అవును."

"మానెయ్."

"మానను."

"ఎందుకే? వాణ్ణి కౌగిలించుకోవాలని ముచ్చటగా ఉందా?"

ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నీళ్ళలో వాడు ఎలా ఉంటాడో చూడాలని ఉంది."

అమ్మ చేతిలో కత్తి ఆగింది. నన్ను ఎగాదిగా చూసింది. ఈబెన్ పోయినప్పటినుంచి ఆవిడ నన్ను అంత నిదానంగా చూసింది లేదు.

"అయితే వెళ్ళు" అంది మెల్లగా.

మళ్ళీ దుంప చెక్కడం మొదలుపెట్టింది.

ఆ రోజు పొద్దున్న కూడా పొగమంచే. కుక్కపన్ను అని మేము పిలిచే రాయి ఒకటి రేవు మొగలో నిలువుగా లేచి ఉంటుంది. నన్ను మోసుకొచ్చి దాని మీద కూర్చోబెట్టారు. మావయ్యని ఇత్తడి బొత్తాల కోటు తొడిగి నా పక్కనే దించారు. కెమెరా బల్లకట్టుని లాక్కురావడానికి పడవలన్నీ వెనక్కి వెళ్ళాయి. కాస్త అవతల ఇంకో రాయి మీద లిడియా వదినా, మరో నలుగురు జలకన్యలూ ఉన్నారు గాని మంచులో కనబడరు. అలల చప్పుడుకి మాట కూడా అందదు.

నాలుగు నెలల తర్వాత నేనూ మావయ్యా ఒకచోట కూర్చున్నాం. నేను మొహం తిప్పుకున్నాను.

"రూషా" అన్నాడు.

"నాతో మాట్లాడకు."

"మాట్లాడతాను. మీ అమ్మ తలుపు తియ్యదు. లిడియా నన్ను చూస్తే వీధి మారుతుంది. నువ్వు లేచి పోలేవు కదా ఇప్పుడు."

అందుకే ఈ వేషానికి ఒప్పుకున్నాడని అప్పుడర్థమైంది. ఒళ్ళు భగ్గుమంది. తోక లేకపోతే అతన్ని అక్కడే తోసేసి ఉందును.

"పడవ తిరగబడ్డాక ఇద్దరం దాని అడుగు పట్టుకున్నాం" అన్నాడు. నాకేసి చూడకుండా నీళ్ళకేసి చూస్తూ చెప్పాడు. "వాడి పట్టు జారింది. నా మెడ పట్టుకున్నాడు. ఇద్దరం మునిగాం. పైకొచ్చాం. మళ్ళీ మునిగాం. మూడోసారి పైకి రాననుకున్నాను. వాడి వేళ్ళు విడదీశాను రూషా. ఒక్కోటీ. నెట్టలేదని అనను. నెట్టాను."

సీగల్ పక్షి ఒకటి మా పక్కన వాలి, మమ్మల్ని చూసి ఎగిరిపోయింది.

"నువ్వు నరకానికి పోతావు" అన్నాను.

"పోతాను."

"అమ్మకి చెప్తాను."

"చెప్పు. నాకు నోరు రాలేదు. అందుకే నీకు చెప్పాను."

అంతలో మంచు చిరిగి ఎండ పడింది. అటునుంచి బాకా మోగింది. పడవలు వచ్చేశాయి. ఇద్దరు మనుషులు మావయ్య కోటు నడుముపట్టీకి వెనకనుంచి తాడు కట్టారు. తాడు రెండో కొస పడవలో పట్టుకుంటారు, ప్రమాదమైతే లాగేస్తారు. తాడు కెమెరాకి కనపడకూడదని క్రేల్ దాన్ని బాగా వదులు చేయించాడు. నేను ముందు నీళ్ళలోకి జారాను. మావయ్య కళ్ళు మూసుకుని, ప్రార్థనో తిట్టో ఏదో గొణిగి, దూకాడు.

మొదటి అలకే కోటు బొత్తాలు తెగాయి. రెండో అలకి కోటు ఒంటిమీంచి ఊడిపోయింది. పడవలోవాళ్ళు తాడు లాగితే ఖాళీ కోటు వచ్చింది.

మావయ్య నా సవరం అందుకున్నాడు. గడ్డం కింద నాడా గొంతుకి బిగిసింది. తర్వాత రెండు చేతులూ నా మెడ చుట్టూ వేశాడు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఆ కళ్ళలో మా మావయ్య లేడు. ఇద్దరం మునిగాం. నీళ్ళలో చీకటి ఆకుపచ్చగా ఉంది. తోకతో కొట్టి పైకొచ్చాను, సగం ఊపిరి పీల్చానో లేదో మళ్ళీ లాగేశాడు. పైన ఎక్కడో బాకా అరుస్తోంది. "బాగుంది! అదీ! ఇంకా పెనుగులాడండి!"

రెండోసారి పైకి తేలినప్పుడు నేను ఆయన వేళ్ళు పట్టుకున్నాను. ఆలోచించలేదు. చిటికెనవేలు దొరికింది. వెనక్కి విరిచాను. అలల హోరులో కూడా ఆ పటుక్కుమనడం నా చేతికి తెలిసింది. పట్టు వదిలింది. రెండు పాదాలూ కలిసిన తోకతో ఆయన ఛాతీ మీద తన్ని, ఆయన చేతికి అందనంత దూరం పోయాను. నిండా ఊపిరి పీల్చాను. ఆయన నాకేసి చెయ్యి చాచాడు. నేను చూస్తూ ఉన్నాను. చెయ్యి మునిగింది.

ఎంతసేపు చూశానో ఆ రోజు నాకు తెలియదు.

తర్వాత మునిగి, వెనకనుంచి వెళ్ళి, చొక్కా మెడ పట్టుకుని పైకి తెచ్చాను. ముందునుంచి పట్టుకోకూడదని అప్పటికి తెలిసింది. పడవవాళ్ళు అందుకున్నారు. బోర్లా పడుకోబెట్టి నొక్కితే నీళ్ళు కక్కాడు, బతికాడు.

అవతలి రాయి మీద లిడియా వదిన కదల్లేక గొంతు చించుకుంటోంది. జలకన్య వేషం కోసం చేతికిచ్చిన అద్దాన్ని బల్లకట్టు మీదికి గురిపెట్టి విసిరింది. అది క్రేల్ భుజానికి తగిలింది. అతను పట్టించుకోలేదు. కెమెరా అతన్ని కౌగిలించుకుని, "ఇంకోసారి తియ్యక్కర్లేదు!" అంటున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. మార్చిలో మావయ్యని నిలబెట్టిన చోటే నన్ను నిలబెట్టింది. నా మెడ చుట్టూ నాడా కోసిన గీత ఎర్రగా ఉంది. దాన్ని చూసింది.

"చేతికి చిక్కినవాణ్ణి బయటికి తెచ్చావట" అంది.

"అమ్మా..."

"నేను వెళ్ళమన్నది వాణ్ణి బయటికి తెమ్మనా?"

ఆ మాట వెనక్కి తీసుకోలేదు. "రాయి మీద ఇద్దరూ కూర్చున్నారట. ఏం చెప్పాడు నీకు?"

చెప్పాను. ఈబెన్ వేళ్ళు ఒక్కోటీ విడదీశాడట అని చెప్పాను.

అమ్మ తలుపుచెక్క పట్టుకుంది. "మనిషి పుట్టుక పుట్టినవాడెవడైనా ఆ పని చేస్తాడా?" అంది.

నేనూ చేశానమ్మా. ఇవాళే చేశాను. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. బతికినంతకాలంలో నేను పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఆ మింగడం ఒక ఎత్తు.

"అలాంటివాణ్ణి బతికించిన చెయ్యి నా ఇంట్లో గిన్నె ముట్టుకోదు" అంది అమ్మ. నా బట్టల మూట అప్పటికే కట్టి గుమ్మం పక్కన పెట్టి ఉంది.

ఫ్యాక్టరీ మేడ మీద పొరుగూళ్ళనుంచి వచ్చే ఆడవాళ్ళు పడుకునే గది ఉంటుంది. అక్కడ చేరాను. ఆగస్టులో చేపలు వచ్చాయి, కూత మళ్ళీ మోగింది, కత్తెర మళ్ళీ పట్టాను. మెచ్చుకున్నవాళ్ళెవరూ లేరు. సముద్రం నోటిదగ్గర కూడు లాక్కున్నాననీ, అది దానికి బదులు ఇంకొకణ్ణి అడుగుతుందనీ ఊరంతా అనుకున్నారు. పడవల మీద వెళ్ళే మగవాళ్ళు నేను ఎదురొస్తే ఉమ్మి పక్కదారి పట్టేవాళ్ళు. నా పక్కన కూర్చుని చేపలు కోయడానికి ఎవరూ ఇష్టపడక, బల్ల చివర ఒంటరిగా కోసేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం మావయ్య ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరికొచ్చాడు. చిటికెనవేలికి బద్ద కట్టుంది.

"రాయికి తగిలి విరిగిందని చెప్పాను అందరికీ" అన్నాడు.

"నిన్ను చెప్పమన్నానా?"

"లేదు."

"మరి పో."

వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద కోపం ముందుకంటే పెరిగింది. ఇన్నాళ్ళూ ఆయన్ని అసహ్యించుకోవడం ఎంత తేలికగా ఉండేదో, అది కూడా నా దగ్గర్నుంచి లాక్కున్నాడనిపించింది.

సెప్టెంబరులో సినిమావాళ్ళు డేరాలు పీకారు. ఎవరి మీద అద్దం విసిరిందో వాళ్ళతోనే లిడియా వదిన వెళ్ళిపోయింది. వేషాల బట్టలు చూసే ఆవిడకి కుట్టుపనిలో సాయం కావాలట. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చింది. నల్లబట్టలు లేవు, బూడిదరంగు గౌను వేసుకుంది.

"అత్తయ్యకి చెప్పానే. మొహం కూడా తిప్పలేదు" అంది.

"ఏమందేంటి?"

"'నేనిప్పుడు ఒక్కదాన్నే, హాయిగా ఉంటాను' అంది." వదిన కళ్ళు తుడుచుకుంది. "హాయిగా ఉండే మొహమేనా అది?"

ఆ బొమ్మ మా ఊరికి డిసెంబరులో వచ్చింది. అది వస్తుందని తెలిసినప్పటినుంచి నాకు తిండి సహించలేదు. ఆ ఘట్టం ఉంచారో, కోసేశారో, ఎంత ఉంచారో తెలియదు. శనివారం మధ్యాహ్నం ఊరి హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టి తెర కట్టారు. బడి టీచరమ్మ ఆర్గన్ వాయించడానికి కూర్చుంది. పాస్టరుగారు తప్ప ఊరంతా వచ్చింది. మమ్మల్ని చేపతలలతో కొట్టినవాళ్ళు ముందుబల్లల మీదే ఉన్నారు. ఆసా మావయ్య వెనక పొయ్యి పక్కన నిలబడ్డాడు. నేను గోడకి ఆనుకున్నాను. బొమ్మ మొదలవబోతుండగా తలుపు తెరుచుకుని అమ్మ వచ్చింది. నల్లశాలువా కప్పుకుని, ఎవరినీ చూడకుండా మూడో వరసలో కూర్చుంది.

రాళ్ళ మీద మా ఊరి ఆడవాళ్ళు కనబడగానే ఈలలు, నవ్వులు. "అదుగో మా పక్కింటిది!" "తోక వచ్చాక ఒళ్ళు చేసింది!" కాసేపటికి ఓడ బద్దలైంది. తెరమీద అక్షరాలు వచ్చాయి: "తాను వలచిన మానవుని పాతాళానికి పిలుచుచున్న సముద్రరాణి." తర్వాత మావయ్యా, నేనూ.

నేను భయపడ్డది ఏదీ కొయ్యలేదు. అంతా ఉంది. మెడకి చుట్టుకున్న చేతులు, రెండుసార్లు మునగడం, నా చేతులు ఆయన వేళ్ళ కోసం వెతకడం, విరవడం, తన్నడం. తర్వాత నేను దూరంగా తేలుతూ ఆయన చెయ్యి చాచడం చూస్తూ ఉండటం. ఆ చూడటం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. హాల్లో నవ్వు ఆగిపోయింది. సముద్రం మీద బతికే మనుషులు వాళ్ళు. అది వేషమో కాదో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. టీచరమ్మ వేళ్ళు కూడా ఆగిపోయాయి. రాణి మునిగి కెప్టెన్ని పైకి తెచ్చేముందే ఆ ముక్క అయిపోయింది. తెరమీద ఆయన మునిగిపోయాడు, అంతే.

రీలు మార్చడానికి దీపం వెలిగించారు. అమ్మ లేచింది.

"ఆ ముక్క మళ్ళీ తిప్పు" అంది మిషను దగ్గరున్న మనిషితో.

"అలా కుదరదమ్మా, రీలంతా వెనక్కి చుట్టాలి..."

"చుట్టు."

ఎవరూ కాదనలేదు. అతను చుట్టాడు. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆర్గన్ లేదు, మిషను టకటకలు మాత్రమే. అమ్మ నిలబడే చూసింది. విరిచిన చోటు వచ్చినప్పుడు తెరకేసి కాక గోడ దగ్గరున్న నాకేసి చూసింది. నేను తల దించుకోలేదు. దించుకుంటే మళ్ళీ అబద్ధం చెప్పినట్టే అనిపించింది.

అయిపోయాక బల్లల మధ్యనుంచి వెనక్కి నడిచింది. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. మావయ్య టోపీ తీశాడు. అమ్మ ఆయన ఎదురుగా ఆగింది. కొట్టబోతోందనే అనుకున్నాం అందరం.

"వాడు ఏమన్నా అన్నాడా?" అని అడిగింది.

"'చలేస్తోంది మావా' అన్నాడక్కా."

"ఇంకా?"

"అంతే. ఇంకేం అనలేదు."

అమ్మ తల ఊపింది. శాలువా ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. వేళ్ళు సరిగా పట్టు దొరక్క రెండుసార్లు వేసుకుంది.

"ఆ పూట ఉన్ని చొక్కా వేసుకోరా అన్నాను" అంది. "వినలేదు వెధవ."

అంతకుమించి ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత బతికిన పదకొండేళ్ళలోనూ మాట్లాడినట్టు నేను చూడలేదు. తలుపు తోసుకుని మంచులోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే బయల్దేరాను. ఏటవాలు వీధిలో ఆవిడ ముందు, పది అడుగుల వెనక నేను. నా బూట్ల చప్పుడు ఆవిడకి వినిపిస్తూనే ఉండాలి. వెనక్కి తిరిగి చూడలేదు. పొమ్మని కూడా అనలేదు.